టికెట్ మీద ఒక పేరు, ఎగిరేది ఇంకొకరి విమానం: అట్లాంటిక్ దాటడానికి ఎయిర్‌లైన్‌ను ఎలా ఎంచుకోవాలి?

సంక్షిప్తంగా: యూరప్‌కూ ఉత్తర అమెరికాకూ మధ్య సీట్లలో సింహభాగం మూడు ఉమ్మడి వ్యాపార జట్ల చేతుల్లో ఉంది. ఒకే జట్టులోని ఎయిర్‌లైన్ల మధ్య ధరల పోటీ దాదాపు ఉండదు. అందుకే పేరు చూసి టికెట్ కొంటే కలిగే లాభం తక్కువ. విమానాన్ని నిజంగా నడిపేది ఎవరు, అది ఏ రకం విమానం, ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉందా, ఆలస్యమైతే ఏ చట్టం వర్తిస్తుంది అన్నవే అసలు తేడా తెస్తాయి.

## ఒకే విమానానికి నాలుగు నంబర్లు

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకు టికెట్ వెతికితే బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్, ఐబీరియా, ఫిన్‌ఎయిర్ పేర్లతో ఒకే నిమిషానికి బయల్దేరే ఫ్లైట్లు వరసగా కనిపిస్తాయి. అవి నాలుగు విమానాలు కావు. విమానం ఒకటే, దానికి తగిలించిన కోడ్‌షేర్ నంబర్లు నాలుగు. 'ఆపరేటెడ్ బై' అని చిన్న అక్షరాల్లో ఎవరి పేరుంటే విమానం, సిబ్బంది, భోజనం, సీటు అన్నీ వాళ్లవే.

ఈ పరిస్థితి ఒక్క రోజులో రాలేదు. 1977లో బ్రిటన్, అమెరికా కుదుర్చుకున్న 'బెర్ముడా 2' ఒప్పందం కింద హీత్రో నుంచి అమెరికాకు విమానాలు నడిపే హక్కు రెండు వైపులా రెండేసి ఎయిర్‌లైన్లకే ఉండేది. యూరోపియన్ యూనియన్, అమెరికా మధ్య 2007లో సంతకాలు జరిగి 2008 మార్చి 30న అమల్లోకి వచ్చిన 'ఓపెన్ స్కైస్' ఒప్పందం ఆ గోడను కూల్చేసింది. ఎవరైనా ఎక్కడి నుంచైనా ఎగరొచ్చు కాబట్టి పోటీ పెరగాలి. కొంత పెరిగింది కూడా. కానీ అదే కాలంలో పెద్ద ఎయిర్‌లైన్లు అమెరికా రవాణా శాఖ నుంచి, కంపెనీలు కుమ్మక్కై పోటీని చంపకుండా ఆపే యాంటీట్రస్ట్ చట్టం కింద మినహాయింపులు తెచ్చుకుని జట్లు కట్టాయి.

ఇప్పుడున్న జట్లు మూడు. అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఫిన్‌ఎయిర్, ఏర్ లింగస్ ఒక జట్టు. యునైటెడ్, లుఫ్తాన్సా, ఎయిర్ కెనడా, వాటితో పాటు లుఫ్తాన్సా గ్రూపులోని స్విస్, ఆస్ట్రియన్, బ్రస్సెల్స్ రెండోది. డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం, వర్జిన్ అట్లాంటిక్ మూడోది. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ వంటి కూటములతో వీటిని కలిపి చూడకూడదు. అలయన్స్ అంటే మైళ్లు, లాంజ్‌లు పంచుకోవడం. ఈ ఉమ్మడి వ్యాపారంలో ధరలు, వేళలు కలిసి నిర్ణయిస్తారు, వచ్చిన ఆదాయాన్ని పంచుకుంటారు. ప్రయాణికుడు ఎవరి విమానం ఎక్కినా జట్టుకు ఒకటే. అందుకే డెల్టా వెబ్‌సైట్‌లో వర్జిన్ విమానం, యునైటెడ్ వెబ్‌సైట్‌లో లుఫ్తాన్సా విమానం సొంత సరుకులాగే అమ్ముడుపోతాయి.

ధర పోల్చాల్సింది జట్టుకూ జట్టుకూ మధ్య, లేదా జట్లకూ బయటి వాళ్లకూ మధ్య. జెట్‌బ్లూ, ఐస్‌ల్యాండ్‌ఎయిర్, నార్స్ అట్లాంటిక్ వంటివి బయటివి. ఎమిరేట్స్ మిలాన్ నుంచి న్యూయార్క్‌కు, ఏథెన్స్ నుంచి న్యూయార్క్ పక్కనున్న న్యూఆర్క్‌కు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి న్యూయార్క్‌కు నడిపే ఫ్లైట్లు కూడా ఈ కోవలోవే. వెతికేటప్పుడు చాలామందికి ఇవి తట్టవు.

హైదరాబాద్ నుంచి యూరప్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లకు ఈ మూడు జట్ల లెక్క నేరుగా పనికొస్తుంది. శంషాబాద్ నుంచి హీత్రోకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎప్పటి నుంచో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో, ఆమ్‌స్టర్‌డామ్‌కు కేఎల్ఎం 2025 సెప్టెంబరులో మొదలయ్యాయి. అంటే మూడు జట్లకూ శంషాబాద్‌లో ఒక్కో తలుపు తెరుచుకుంది. దిగాల్సిన అమెరికా నగరం ఏ జట్టుకు కోట (ప్రధాన కేంద్రం) అవుతుందో చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. డాలస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌ది, అట్లాంటా డెల్టాది, హ్యూస్టన్, న్యూఆర్క్ యునైటెడ్‌వి. సొంత కోటకు రోజూ ఎక్కువ ఫ్లైట్లు ఉంటాయి కాబట్టి ఒకటి తప్పిపోతే ఇంకోటి దొరికే అవకాశం ఎక్కువ.

## టికెట్ ధరలో దాగే ఖర్చులు

వెతికినప్పుడు మొదట కనిపించేది 'బేసిక్', 'లైట్' వంటి అట్టడుగు ధర. అట్లాంటిక్ మార్గంలో ఈ రకం టికెట్‌లో సాధారణంగా చెక్‌ఇన్ బ్యాగు ఉండదు, సీటు ఎంచుకోవాలంటే డబ్బు కట్టాలి, తేదీ మార్చడానికి కుదరదు. భారత్ నుంచి అమెరికాకు ఒకే టికెట్ మీద వెళ్లేవాళ్లకు 23 కిలోల బ్యాగులు అలవాటు. అదే అలవాటుతో లండన్–న్యూయార్క్ ముక్కను విడిగా కొంటే, ఆదా అయిందనుకున్న డబ్బు చెక్‌ఇన్ కౌంటర్ దగ్గర బ్యాగులకే పోతుంది.

బ్యాగుల విషయంలో అమెరికా రవాణా శాఖ నియమం ఒకటి మేలు చేస్తుంది. ఒకే టికెట్ మీద అమెరికాలో మొదలయ్యే లేదా అమెరికాలో ముగిసే ప్రయాణానికి, మొదటి ఫ్లైట్ నంబరు ఏ ఎయిర్‌లైన్ పేరు మీద ఉందో ఆ ఎయిర్‌లైన్ బ్యాగేజీ నిబంధనే చివరిదాకా వర్తించాలి. మధ్యలో విమానం మారినా నిబంధన మారదు. కోడ్‌షేర్ నంబర్లలో ఏది కొనాలన్న ప్రశ్నకు ఇక్కడ నిజంగా అర్థం ఉంది. విమానం ఒకటే అయినా నంబరును బట్టి బ్యాగు లెక్క, చేతిలో ఉన్న మైలేజీ కార్డులో పడే పాయింట్లు మారిపోతాయి.

బ్రిటన్ నుంచి బయల్దేరేవాళ్ల మీద పడే ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ ఇంకో భారం. అమెరికా పడే దూర శ్రేణికి 2025–26లో ఎకానమీలో 90 పౌండ్లు, ప్రీమియం ఎకానమీ నుంచి పైకి 216 పౌండ్లు. 2026 ఏప్రిల్ నుంచి ఇవి 102, 244. ఒకే టికెట్ మీద లండన్‌లో విమానం మారి 24 గంటల్లోపు వెళ్లిపోయేవాళ్లకు ఈ పన్ను లేదు. బంధువుల ఇంట్లో రెండు రోజులు ఆగి వెళ్దామనుకుంటే మాత్రం పడుతుంది. ఐర్లాండ్ ఇలాంటి పన్నును 2014లో ఎత్తేసింది. బిజినెస్ క్లాస్ టికెట్లకు బ్రిటన్ వాసులు కొందరు డబ్లిన్ దాకా వెళ్లి అక్కడి నుంచి ప్రయాణం మొదలుపెట్టడానికి ఇదీ ఒక కారణం.

పాయింట్లతో కొంటే టికెట్ ఉచితం అన్నది అర్ధసత్యం. బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్, లుఫ్తాన్సా విమానాల్లో పాయింట్లతో తీసుకున్న సీటుకు కూడా ఎయిర్‌లైన్ సొంత సర్‌ఛార్జి వందల డాలర్లలో ఉండొచ్చు.

## సీటు వెడల్పు తేల్చేది విమానం రకం

ఎకానమీలో సౌకర్యాన్ని ఎయిర్‌లైన్ కన్నా విమానం ఎక్కువ నిర్ణయిస్తుంది. బోయింగ్ 777లో ఒకప్పుడు వరసకు తొమ్మిది సీట్లుండేవి. ఇప్పుడు అట్లాంటిక్ మీద తిరిగే వాటిలో చాలావరకు 3-4-3, అంటే పది. సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలకు దిగింది. 787లో 3-3-3, వెడల్పు దానికి కాస్త అటూ ఇటూ. ఎయిర్‌బస్ ఏ330లో 2-4-2, సుమారు 18 అంగుళాలు. అంగుళమే కదా అనిపించవచ్చు. కానీ ఎనిమిది గంటలు పక్కవాళ్ల భుజం తగులుతూ కూర్చోవడానికీ, తగలకుండా కూర్చోవడానికీ తేడా ఆ అంగుళమే.

అమ్మానాన్నలను అమెరికా పిలిపించుకునేవాళ్లు గమనించాల్సింది కిటికీ పక్క జంట సీట్లు. ఏ330లో, డెల్టా, యునైటెడ్ ఇంకా నడుపుతున్న పాత 767లో (2-3-2) ఇవి ఉంటాయి. ఇద్దరే కూర్చుంటారు, బాత్రూముకు లేవడానికి మూడో మనిషిని లేపాల్సిన పని లేదు. 767లో తెరలు, లైట్లు పాతవే కావచ్చు, ఈ ఒక్క విషయంలో అది కొత్త విమానాలను ఓడిస్తుంది.

787, ఏ350లకు ఇంకో ప్రయోజనం ఉంది. పాత విమానాల్లో క్యాబిన్ లోపలి గాలి పీడనం దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉండేంత పలచగా ఉంటే, వీటిలో 6,000 అడుగుల స్థాయిలో ఉంచుతారు. దిగాక తలనొప్పి, అలసట కొంత తగ్గుతాయి. ఇక ఏ321ఎల్ఆర్, ఎక్స్ఎల్ఆర్ వంటి ఒకే నడవ విమానాలతో జెట్‌బ్లూ, ఏర్ లింగస్, ఐబీరియా అట్లాంటిక్ దాటుతున్నాయి. సీటు వెడల్పు ఇందులో బాగానే ఉంటుంది. నడవ ఒక్కటే కాబట్టి భోజనాల ట్రాలీ వచ్చినప్పుడు కదలడం కష్టం. ప్రయాణికులు తక్కువ కాబట్టి దిగడం, బ్యాగులు రావడం త్వరగా అవుతాయి.

ఏ రకం విమానమో బుకింగ్ పేజీలోనే రాసి ఉంటుంది. అయితే దాన్ని చివరి నిమిషంలో మార్చే హక్కు ఎయిర్‌లైన్‌కు ఉంది. గత రెండు వారాలు ఆ నంబరుతో ఏ విమానం ఎగిరిందో ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లలో చూస్తే ఆ మార్పులు ఎంత తరచుగా జరుగుతాయో తెలుస్తుంది.

భోజనం గురించి ఒక్క మాట. ప్రత్యేక భోజనాల జాబితాలో 'హిందూ మీల్' అని కనిపిస్తే శాకాహారమనుకుని ఎంచుకునేవాళ్లు చాలామంది. అందులో గొడ్డుమాంసం ఉండదు, కోడి, చేప, మేక మాంసం ఉండవచ్చు. శాకాహారం కావాలంటే 'ఏషియన్ వెజిటేరియన్' ఎంచుకోవాలి. చాలా ఎయిర్‌లైన్లకు కనీసం 24 గంటల ముందు చెప్పాలి.

## పడమరకు పగలు, తూర్పుకు రాత్రి

అట్లాంటిక్ మీద పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి వల్ల లండన్ నుంచి న్యూయార్క్‌కు ఏడున్నర, ఎనిమిది గంటలు పడితే తిరుగు ప్రయాణం ఆరున్నర, ఏడు గంటల్లో అయిపోతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల ఊపుతో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది.

తూర్పు దిశ ప్రయాణం తక్కువ కావడం మంచిదే అనిపిస్తుంది, నిద్రకు మాత్రం అదే శత్రువు. రాత్రి బయల్దేరాక గంటన్నర భోజనాలకు, దిగే ముందు గంట ఫలహారానికి పోతే మిగిలేది నాలుగు గంటలు. బిజినెస్ క్లాస్‌కు డబ్బు పెట్టదలిస్తే ఈ రాత్రి ప్రయాణానికి పెట్టడం న్యాయం. పడమరకు వెళ్లే పగటి ఫ్లైట్‌లో పడుకునే సీటు ఉన్నా చాలామంది సినిమాలే చూస్తారు. న్యూయార్క్, బోస్టన్, వాషింగ్టన్ నుంచి ఉదయం బయల్దేరి రాత్రికి లండన్ చేర్చే పగటి ఫ్లైట్లు కొన్ని ఉన్నాయి. లండన్‌లోనే దిగేవాళ్లకు ఇవి ఎంతో నయం. అక్కడి నుంచి భారత్‌కు వెళ్లాల్సినవాళ్లకు మాత్రం రాత్రి ఫ్లైట్లు దాటిపోయే ప్రమాదం ఉంది.

## ఆలస్యమైతే ఎవరు చెల్లిస్తారు?

ఎంపికలో అందరూ వదిలేసేది ఇదే. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో ఫ్లైట్ రద్దయినా, గమ్యానికి మూడు గంటలు లేదా అంతకన్నా ఆలస్యంగా చేరినా ఒక్కో ప్రయాణికుడికి 600 యూరోల దాకా పరిహారం రావాలి. ఆలస్యం మూడు, నాలుగు గంటల మధ్య ఉంటే అందులో సగమే ఇవ్వొచ్చు. రద్దు సంగతి రెండు వారాల ముందే చెబితే పరిహారం ఉండదు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ ఇదే నిబంధనను తన చట్టంగా ఉంచుకుంది. అక్కడ గరిష్ఠం 520 పౌండ్లు. అమెరికాలో ఇలాంటి పరిహారం లేదు.

ఈ నిబంధన ఎవరికి వర్తిస్తుందన్న దానిలోనే మెలిక ఉంది. యూరప్ నుంచి బయల్దేరే ఫ్లైట్ అయితే ఏ దేశపు ఎయిర్‌లైన్ అయినా వర్తిస్తుంది. యూరప్‌కు వచ్చే ఫ్లైట్ అయితే నడిపేది యూరప్ ఎయిర్‌లైన్ అయితేనే వర్తిస్తుంది. పారిస్ నుంచి అట్లాంటాకు డెల్టా విమానం ఆరు గంటలు ఆలస్యమైతే పరిహారం అడగవచ్చు. అట్లాంటా నుంచి పారిస్‌కు అదే డెల్టా విమానం అంతే ఆలస్యమైతే లేదు. అదే దారిలో ఎయిర్ ఫ్రాన్స్ విమానం ఎక్కి ఉంటే ఉంది. లెక్కలోకి వచ్చేది నడిపినవాళ్లే. డెల్టా నంబరు మీద కొన్నా విమానం ఎయిర్ ఫ్రాన్స్‌ది అయితే హక్కు ఉంటుంది, ఎయిర్ ఫ్రాన్స్ నంబరు మీద కొన్నా విమానం డెల్టాది అయితే పోతుంది. ధర, వేళ ఒకేలా ఉన్నప్పుడు అమెరికా నుంచి తిరిగివచ్చే దారిలో యూరప్ ఎయిర్‌లైన్ విమానాన్ని ఎంచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2022లో మాల్దోవా రాజధాని కిషినావ్ నుంచి వియన్నా మీదుగా బ్యాంకాక్‌కు ఒకే టికెట్ మీద వెళ్లిన ప్రయాణాన్ని పరిశీలించింది. మొదలూ తుదీ రెండూ యూనియన్ బయట ఉన్నాయి, విమానం మారింది మాత్రమే లోపల, కాబట్టి నిబంధన వర్తించదని తేల్చింది. ఆ తర్కం ప్రకారం హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా షికాగోకు ఒకే టికెట్ మీద వెళ్తే, యూరప్ ఎయిర్‌లైన్ నడిపినా 600 యూరోల మాటే ఉండదు. జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలుపెట్టి అదే విమానంలో, పక్క సీట్లోనే షికాగో వెళ్తే ఉంటుంది. అదే ఏడాది ఇంకో కేసులో, బ్రస్సెల్స్‌లో మొదలై న్యూఆర్క్‌లో మారి శాన్‌హొసేకు ఒకే బుకింగ్ మీద సాగిన యునైటెడ్ ప్రయాణానికి, చివరి గమ్యంలో జరిగిన ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఆ న్యాయస్థానమే చెప్పింది.

పరిహారం ఎగ్గొట్టడానికి ఎయిర్‌లైన్లు చెప్పే కారణాల్లో అన్నీ చెల్లవు. వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ సమ్మె, విమానాశ్రయం మూసివేత వంటివి అసాధారణ పరిస్థితులు, వాటికి పరిహారం ఉండదు. విమానంలో సాంకేతిక లోపం, ఎయిర్‌లైన్ సొంత సిబ్బంది సమ్మె సాధారణంగా ఆ కోవలోకి రావు. పరిహారం లేకపోయినా భోజనం, హోటల్, ఇంకో ఫ్లైట్‌లో పంపడం వంటి బాధ్యతలు మాత్రం పోవు. 2010లో ఐస్‌ల్యాండ్ అగ్నిపర్వతం బూడిదతో యూరప్ ఆకాశం మూతపడ్డ సందర్భంలోనూ ఈ బాధ్యత ఉందని న్యాయస్థానం 2013లో చెప్పింది.

ఎటు వెళ్లినా వర్తించేవి రెండున్నాయి. అమెరికాకు వచ్చే, అమెరికా నుంచి వెళ్లే అంతర్జాతీయ ఫ్లైట్ రద్దయినా, ఆరు గంటలు లేదా అంతకన్నా ఎక్కువ వేళ మారినా, ప్రయాణికుడు వద్దనుకుంటే టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలని 2024లో అమెరికా రవాణా శాఖ నియమం తెచ్చింది. బ్యాగు పోయినా, పాడైనా మాంట్రియల్ ఒప్పందం కింద నష్టం అడగవచ్చు. 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠం 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్). బ్యాగు పాడైతే 7 రోజుల్లో, ఆలస్యంగా చేతికి వస్తే 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విమానాశ్రయం దాటి వెళ్లకముందే రిపోర్ట్ రాయించుకోకపోతే తర్వాత నిరూపించడం కష్టమవుతుంది.

## చౌక ఫ్లైట్, విడి టికెట్లు: దెబ్బ ఎక్కడ తగులుతుంది

అట్లాంటిక్ మీద చౌక ధరల వ్యాపారం ఎప్పుడూ కత్తి మీద సామే. లేకర్ 'స్కైట్రైన్' 1977లో మొదలై 1982లో మూతపడింది. ప్రైమెరా 2018లో, వావ్ ఎయిర్ 2019 మార్చిలో ఆగిపోయాయి. నార్వేజియన్ 2021 జనవరిలో దూరప్రయాణాలు మానేసింది. ఐస్‌ల్యాండ్‌కు చెందిన ప్లే 2025 సెప్టెంబరులో మూతపడింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. చిన్న దూరాల్లో ఒకే విమానాన్ని రోజుకు ఆరేడుసార్లు తిప్పి ఖర్చు తగ్గించుకోవచ్చు. ఎనిమిది గంటల ప్రయాణంలో అది కుదరదు. వేసవిలో నిండిన సీట్లు జనవరిలో ఖాళీ. పెద్ద ఎయిర్‌లైన్లు ముందువైపు బిజినెస్ సీట్లతో సంపాదించి వెనక సీట్లను చౌకగా ఇవ్వగలవు, వీళ్లకు ఆ వెసులుబాటు తక్కువ.

మూతపడటం అరుదు. రోజూ ఎదురయ్యే ఇబ్బంది వేరు. వారానికి మూడు నాలుగుసార్లే నడిచే ఫ్లైట్ రద్దయితే తర్వాతిది రెండు రోజుల తర్వాతే. ఇతర ఎయిర్‌లైన్లతో ఇంటర్‌లైన్ ఒప్పందం (ఒకరి ప్రయాణికులను ఇంకొకరు తీసుకెళ్లే ఏర్పాటు) లేకపోతే వాళ్ల సిస్టమ్ నుంచి వేరే విమానంలోకి మార్చడం తేలిక కాదు. అదే హీత్రో–న్యూయార్క్ మార్గంలో పెద్ద జట్టు ఫ్లైట్ రద్దయితే కొన్ని గంటల్లోనే ఇంకోటి ఉంటుంది.

హైదరాబాద్ నుంచి హీత్రోకు ఒక టికెట్, లండన్‌లోని ఇంకో విమానాశ్రయం గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు చౌక టికెట్ ఇంకోటి కొంటే ఏమవుతుందో చూద్దాం. మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కు సంబంధం లేదు, టికెట్ డబ్బు పోయినట్టే. బ్యాగులు హీత్రోలో తీసుకుని గాట్విక్‌కు మోసుకెళ్లాలి. అందుకు బ్రిటన్ సరిహద్దు దాటాలి, అంటే వీసా ప్రశ్న వస్తుంది. వీల్‌చైర్ సాయం కూడా రెండుచోట్లా విడివిడిగా అడగాలి. ఒకే టికెట్ అయితే ఒక్కసారి, కనీసం 48 గంటల ముందు నమోదు చేయిస్తే చివరిదాకా అందుతుంది.

వీసా చిక్కు ఒకే టికెట్‌లోనూ రావచ్చు. హైదరాబాద్–ఆమ్‌స్టర్‌డామ్–పారిస్–న్యూయార్క్ అని రెండు షెంగెన్ (ఒకే ఉమ్మడి వీసా నడిచే యూరప్ దేశాల) విమానాశ్రయాలు పడితే మధ్య ప్రయాణం షెంగెన్ లోపలిది అవుతుంది. దానికి ట్రాన్సిట్ మినహాయింపు సరిపోదు, షెంగెన్ వీసా కావాలి. బుకింగ్ సైట్లు ఇలాంటి టికెట్లను హెచ్చరిక లేకుండానే అమ్మేస్తాయి. అమెరికా వీసా స్టాంపు గడువు ముగిసి భారత్‌కు వస్తున్నవాళ్లు ఒక్క విమానాశ్రయమే మారినా, ఆ దేశ రాయబార కార్యాలయం సైట్‌లో ట్రాన్సిట్ నియమం ముందే చూసుకోవాలి.

కనెక్షన్ సమయం విషయంలో సైట్ అమ్మిందంటే సరిపోతుందన్న నమ్మకం పనికిరాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అధికారిక కనీస సమయం 45 నిమిషాలు. మొదటి విమానం సమయానికి దిగి, గేటు దూరం కాకుండా, పాస్‌పోర్ట్ వరస పొట్టిగా ఉంటేనే అది చాలుతుంది. రెండు గంటలు ఉంటే గుండె నిబ్బరం. అమెరికాలో మొదట దిగిన చోట ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని మళ్లీ వేయాల్సి ఉంటుంది కాబట్టి అక్కడ రెండున్నర, మూడు గంటలు మేలు. డబ్లిన్, షానన్ నుంచి వెళ్లే ఫ్లైట్లకు అమెరికా ఇమిగ్రేషన్ ఐర్లాండ్‌లోనే అయిపోతుంది. అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగి నడిచి వెళ్లిపోవచ్చు.

## టికెట్ కొనే ముందు చూసే వరస

ముందు గమ్యం ఏ జట్టు కోటో చూడాలి. తర్వాత ఆ దారిలో రోజుకు ఎన్ని ఫ్లైట్లున్నాయో. ఆ తర్వాత ప్రతి ముక్కకూ 'ఆపరేటెడ్ బై' వరస, విమానం రకం. బ్యాగుతో కలిపిన ధరను అప్పుడు పోల్చాలి. అట్టడుగు ధరకూ దాని పై మెట్టుకూ తేడా ఒక బ్యాగు ఖర్చు కన్నా తక్కువైతే పై మెట్టే చౌక. రోజుకు చివరి ఫ్లైట్‌కు కనెక్షన్ పడేలా కొనకపోవడం మంచిది, అది తప్పితే ఆ రాత్రి అక్కడే. శీతాకాలంలో షికాగో మంచు, వేసవి సాయంత్రాల్లో న్యూయార్క్ చుట్టూ పడే ఉరుముల వాన కనెక్షన్లను తరచూ దెబ్బతీస్తాయి. ఆ కాలాల్లో ఉదయం దిగే ఫ్లైట్ భద్రం.

కొనేటప్పుడు కొద్ది డాలర్ల తేడా కోసం తెలియని ఏజెన్సీ సైట్‌కు పోతే, ఫ్లైట్ రద్దయిన రోజు ఎయిర్‌లైన్ 'ఏజెంటునే అడగండి' అంటుంది. ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొంటే ఇంకో వెసులుబాటు ఉంది. అమెరికాలో అమ్మే టికెట్లకు, ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కొంటే, ఎయిర్‌లైన్లు 24 గంటల్లోపు పూర్తి వాపసుతో రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండా అదే ధరకు 24 గంటలు సీటు పట్టి ఉంచాలి. విమానం రకం, కనెక్షన్, వీసా నియమం సరిచూసుకోవడానికి ఆ ఒక్క రోజు సరిపోతుంది.